అమ్మ పీట మీంచి లేవలేకపోతోంది, బరువు మాత్రం తగ్గలేదు. ఏమై ఉంటుంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అక్టోబరు 13, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. అమ్మకి 71. షుగర్ పన్నెండేళ్ళుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది, అదుపులోనే ఉంది. ఆగస్టులో జ్వరం వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో, ఇంటికొచ్చాక ఇంకో రెండు వారాలు మంచం మీద. జ్వరం పోయింది, రిపోర్టులు బాగున్నాయి అన్నారు. కానీ అప్పటి నుంచీ పీట మీద కూర్చుంటే లేవడం కష్టమైపోయింది. ఒక చెయ్యి నేలకి, ఒక చెయ్యి గోడకి ఆనించి, మూడో ప్రయత్నానికి గానీ లేవదు.

మొన్న పాతపట్నంలో మా పిన్ని ఇంటికి బయల్దేరింది. బస్సు ఫుట్‌బోర్డు ఎక్కలేక వెనక్కి వచ్చేసింది. కండక్టరు "తొరగా ఎక్కమ్మా, టైమైపోతంది" అన్నాడట. ఇంటికొచ్చి ఏడ్చింది. నాలుగు కిలోమీటర్ల దూరం, ఎన్ని వందల సార్లు వెళ్ళిందో.

జ్వరానికి ముందు 62 కేజీలు, ఇప్పుడు 61. అన్నం తింటోంది. డాక్టరుగారిని అడిగితే "వయసు కదండీ" అన్నారు. వీధిలో వాళ్ళు రెండు సెలైన్లు ఎక్కించమంటున్నారు. ఏం చెయ్యాలి?

గుణుపురం కోడలు
అక్టోబరు 13, రాత్రి 9.41

మా అత్తగారికి అచ్చం ఇలాగే అయింది. రెండు సెలైన్లు, ఒక బలం ఇంజెక్షన్ పెట్టించాం. రెండు రోజులు హుషారుగా ఉన్నారు, మూడో రోజుకి మళ్ళీ మామూలే. చివరికి కమోడు కుర్చీ కొన్నాం.

రాయగడ రాజు
అక్టోబరు 13, రాత్రి 10.05

డెబ్బై దాటాక ఇంతేనండీ. రోజూ నది ఒడ్డున అరగంట నడిపించండి, చాలు.

బరంపురం ఫిజియో
అక్టోబరు 14, ఉదయం 6.30

మహేంద్రతనయ గారూ, రాత్రే చూశాను, తీరిగ్గా రాద్దామని ఆగాను.

ముందు సెలైన్ సంగతి. అరలీటరు ఐదు శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. టీలో వేసుకునే చెంచాతో ఐదు చెంచాలు, అంతే. ఉత్త సెలైన్ అయితే అది కూడా లేదు, ఉప్పునీళ్ళు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రాణం నిలబెడుతుంది గానీ కండ పెట్టదు. షుగర్ ఉన్న మనిషికి బలం కోసమని గ్లూకోజు ఎక్కించడం ఏ లెక్కనా తెలివైన పని కాదు.

ఇప్పుడు బరువు. బరువు తగ్గలేదంటే కండ తగ్గలేదని కాదు. మంచం మీద ఉన్నప్పుడు కండ కరుగుతుంది, ఆ చోటులో కొవ్వో నీరో చేరుతుంది. కాటా మీద అంకె కదలదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే పది రోజులు మంచం దిగనివ్వకుండా ఉంచి చూస్తే కాళ్ళలో దాదాపు ఒక కేజీ కండ పోయిందని 2007లో ఒక పరిశోధన వచ్చింది. వాళ్ళకి జ్వరం లేదు, షుగర్ లేదు. మీ అమ్మగారు జ్వరంతో మూడు వారాలకు పైనే ఉన్నారు.

వయసుతో కండ కరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే ఆయన సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. పేరు పెట్టిన చాలా ఏళ్ళ వరకూ అందరూ కండ ఎంత ఉందనే చూశారు. ఇప్పుడు ముందు బలం చూస్తున్నారు, ఎందుకంటే కండ తగ్గే దానికంటే బలం వేగంగా తగ్గుతుంది. బలం కంటే కూడా ముందు తగ్గేది ఇంకొకటుంది, దాన్నే పవర్ అంటాం. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది పవర్. బియ్యం బస్తాని మెల్లగా జరపడం బలం. కాలు జారగానే రెండో కాలు టక్కున ముందుకి వేసి నిలదొక్కుకోవడం పవర్. మన కండల్లో నిదానంగా పనిచేసే పోగులు, చురుగ్గా పనిచేసే పోగులు రెండు రకాలున్నాయి. వయసుతో ముందు సన్నబడేవి ఆ చురుకువే.

మీ అమ్మగారు బస్సు ఎక్కలేకపోయింది అందుకే. ఇంట్లో మెల్లగా రెండు మెట్లు ఎక్కగలరేమో అడగండి. ఎక్కగలిగే ఉంటారు. ఫుట్‌బోర్డు ఎత్తు ఎక్కువ, పైగా ఒక్క ఊపులో ఎక్కాలి.

రాజుగారూ, నడక మంచిదే. గుండెకీ షుగర్‌కీ చాలా మంచిది. కానీ చదును నేల మీద నిదానంగా నడిస్తే ఆ చురుకు పోగులకి పని తగలదు. పదేళ్ళుగా రోజూ నడుస్తున్నా నేల మీంచి లేవలేని వాళ్ళు నా దగ్గరికి వారానికి ఇద్దరైనా వస్తారు.

ఈరోజు ఒక పని చెయ్యండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించండి. అమ్మగారిని చేతులు గుండెలకి కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడి ఫోన్లో సెకండ్లు లెక్కపెట్టండి. ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి.

డ్రిల్లు మాస్టారు (బరంపురం)
అక్టోబరు 14, ఉదయం 7.15

ఫిజియోగారు చెప్పిందంతా మా నాన్న నాకు ఒక్క ముక్కలో చెప్పాడు. "బస్కీ తియ్యలేనోడు బతకలేడు." ఇప్పుడు స్క్వాట్ అంటున్నారు, పేరు మారింది. నాకు 74. రోజూ పొద్దున్న నలభై బస్కీలు, పదిహేను దండీలు. మోకాళ్ళు కరకరమంటాయి, అననీ.

మన ప్రాంతం కండకి పేరు పడ్డ ప్రాంతమండీ. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడుగారు ఆఖరి రోజుల్లో మన ఒడిశాలోనే, బలాంగీర్‌లో ఉండి 1942లో కన్నుమూశారు. కరణం మల్లేశ్వరిది ఆముదాలవలస పక్కన ఊసవానిపేట. 2010 కామన్వెల్త్ ఆటల్లో బరువులెత్తి బంగారం తెచ్చిన కాటూలు రవికుమార్ మా బరంపురం కుర్రాడు. ఇలాంటి చోట పుట్టి డెబ్బైకే మంచం పట్టడం ఏమిటి?

గుణుపురం కోడలు
అక్టోబరు 14, ఉదయం 9.02

మాస్టారూ, కోపం తెచ్చుకోకండి గానీ, మీరు చెప్పిన వాళ్ళలో ఇద్దరు మగాళ్ళు, ఒక్క మల్లేశ్వరి. మా అత్తగారి తరం ఆడవాళ్ళకి ఎవరు బస్కీలు నేర్పారు? బావిలో నీళ్ళు తోడారు, రోట్లో దంచారు, అదే వాళ్ళ వ్యాయామం. ఇప్పుడు మోటారు వచ్చింది, మిక్సీ వచ్చింది, నేను వచ్చాను. "కూర్చోండత్తా, నేను తెస్తా" అని నాలుగేళ్ళుగా మంచినీళ్ళు కూడా మంచం దగ్గరికే ఇచ్చాను. మంచి కోడలని వీధంతా పేరు. ఫిజియోగారి పోస్టు చదివాక కడుపులో ఎలాగో అయిపోయింది.

డ్రిల్లు మాస్టారు (బరంపురం)
అక్టోబరు 14, ఉదయం 9.20

నిజమే తల్లీ. మా ఆవిడ కూడా బస్కీలు తియ్యదు. నేనెప్పుడూ చెప్పలేదు, చెప్పాలని కూడా తోచలేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అక్టోబరు 14, రాత్రి 8.50

చేతులు కట్టుకుని అయితే అసలు లేవలేకపోయింది సార్. చేతులు తొడల మీద ఆనించుకుని ఐదుసార్లు, 24 సెకండ్లు పట్టింది. నాలుగోసారికే ఆయాసం.

బరంపురం ఫిజియో
అక్టోబరు 14, రాత్రి 9.30

మన ఆసియా వాళ్ళకి 2019లో పెట్టుకున్న లెక్క ప్రకారం చేతుల సాయం లేకుండా ఐదుసార్లకి 12 సెకండ్లో అంతకు మించో పడితే అనుమానించాలి. పిడికిలి బలం కొలిచే పరికరం ఉన్న చోట మగవాళ్ళకి 28 కేజీలు, ఆడవాళ్ళకి 18 కేజీల లోపు ఉంటే బలం తక్కువ అంటారు. ఇంట్లో టేపు ఉంటే పిక్క లావు దగ్గర కొలవండి, ఆడవాళ్ళకి 33 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 34 కంటే తక్కువ ఉంటే ఒక గుర్తు. టేపు లేకపోతే అమ్మగారి రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు కలిపి గుండ్రంగా చేసి ఆవిడ పిక్క చుట్టూ పెట్టించండి. జపాన్ వాళ్ళు వాడే చిట్కా ఇది. మధ్యలో సందు మిగిలితే పిక్క సన్నబడినట్టు. కాళ్ళు వాచి ఉంటే మాత్రం ఇవేవీ నమ్మొద్దు.

మొదలుపెట్టే ముందు డాక్టరుగారి దగ్గర రెండు మూడు విషయాలు తేల్చుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, ఒకసారి చూపించండి. డి విటమిన్, థైరాయిడ్ కూడా. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతూ తొడలు నొప్పెడుతున్నాయంటే అదీ చెప్పండి. ఒక పక్కే చెయ్యి, కాలు పట్టు తప్పితే అది వయసు కాదు, కండా కాదు, వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి.

వ్యాయామానికి కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. ఎత్తు పెరిగితే లేవడం తేలిక. లేచేటప్పుడు వీలైనంత చురుగ్గా లేవాలి, కూర్చునేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టుకుంటూ దిగాలి. ఊపిరి బిగపట్టకూడదు. ఎనిమిది సార్లు చేసి, రెండు నిమిషాలు కూర్చుని, మళ్ళీ ఎనిమిది. వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు. చేతుల సాయం లేకుండా లేవగలిగిన రోజున ఒక దిండు తీసెయ్యండి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు టక్కున ఎత్తి మెల్లగా దింపడం దీనికి జత. పడుకుని లేచిన వెంటనే చేయించొద్దు. బీపీ మాత్రలు వాడేవాళ్ళకి లేవగానే తల తిరగవచ్చు.

రాయగడ రాజు
అక్టోబరు 14, రాత్రి 10.12

చురుగ్గా లేవమంటున్నారు, పడితే ఎవరిది పూచీ? 71 ఏళ్ళ ఆవిడ చేత కసరత్తులు చేయిస్తే గుండె ఆగిపోతే? నేను అన్నానని అనుకోకండి, మా పెదనాన్న జిమ్ముకని వెళ్ళి నడుం పట్టేసి మూడు నెలలు పడుకున్నాడు.

బరంపురం ఫిజియో
అక్టోబరు 14, రాత్రి 10.40

న్యాయమైన ప్రశ్నే. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, నడిస్తే ఛాతీ నొప్పి వచ్చేవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు డాక్టరు సరేననే దాకా మొదలుపెట్టకూడదు. గోడకి ఆనించిన కుర్చీ, పక్కన మనిషి, ఈ రెండూ లేకుండా ఎవరూ చెయ్యొద్దు. మీ పెదనాన్నగారి చేత మొదటి రోజే ఎంత బరువు ఎత్తించారో నాకు తెలియదు గానీ, ఊహించగలను.

1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు వృద్ధాశ్రమంలో పదిమందిని తీసుకున్నారు. వయసు 86 నుంచి 96. ఎనిమిది వారాలు తొడ కండలకి బరువులతో కసరత్తు. చివరి దాకా ఉన్నవాళ్ళకి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తర్వాత 1994లో వందమందితో ఇంకోటి చేశారు. అందులో కొందరికి బలం పానీయం మాత్రమే ఇచ్చారు. వాళ్ళ కాళ్ళకి ఏమీ ఒరగలేదు. కసరత్తు చేసినవాళ్ళకే ఒరిగింది. డబ్బా పొడులు కొనేవాళ్ళు ఈ రెండోది గుర్తుపెట్టుకోండి.

పాలసముద్రం
అక్టోబరు 15, ఉదయం 8.00

పెద్దల కోసం ప్రత్యేకంగా తయారైన ప్రొటీన్ పౌడర్ నా దగ్గర ఉంది, రెండు డబ్బాలు కొంటే

నిర్వాహకుడు: ప్రకటన తొలగించాం. పాలసముద్రం గారూ, ఇది రెండోసారి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అక్టోబరు 15, మధ్యాహ్నం 1.25

తిండి గురించి కూడా చెప్పండి సార్. పొద్దున్న మూడు ఇడ్లీ. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, ఏదో కూర, మజ్జిగ. రాత్రి కాస్త పెరుగన్నం, ఎండల్లో అయితే మా పక్కింటి మావుసీలాగే పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం), వేయించిన వడియం. ఇంకో చిక్కుంది. ఒడియా వాళ్ళ కార్తీకం పున్నమి నుంచి పున్నమికి, మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. అమ్మ రెండూ పాటిస్తుంది. అంటే నెలన్నర గుడ్డు కూడా ముట్టదు.

బరంపురం ఫిజియో
అక్టోబరు 15, మధ్యాహ్నం 2.50

రెండు కార్తీకాలు! మా నాయనమ్మ కూడా అంతే.

హైదరాబాదు పోషకాహార సంస్థ 2020 లెక్కలో పెద్దవాళ్ళందరికీ కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అన్నారు. అరవై ఐదు దాటినవాళ్ళకి 1 నుంచి 1.2 దాకా ఉండాలని వృద్ధుల పోషణ చూసే నిపుణులు చాలామంది అంటారు. మీ అమ్మగారికి 60 గ్రాములు దాటాలి. మీరు రాసిన తిండిలో ఇడ్లీకి రెండేసి గ్రాములు, మజ్జిగలో కాస్త, పప్పుచారులో పప్పు కంటే చారే ఎక్కువ. ఎంత ఉదారంగా లెక్కేసినా ముప్ఫై, ముప్ఫై ఐదు దాటదు. కడుపు నిండుతుంది, కండకి అందదు. అందుకే "అన్నం తింటోంది" అన్నప్పుడు నాకు నమ్మకం కుదరదు.

నీసు లేకుండానే సర్దుకోవచ్చు. పప్పుచారు బదులు ముద్దపప్పు. ఉలవలు, సెనగలు, వేరుసెనగలు, నూరు గ్రాముల గింజల్లో ఇరవై గ్రాములకి అటూ ఇటూగా ప్రొటీన్. ఉలవచారు మాత్రం రుచికే, ప్రొటీన్ ఎక్కువగా గింజలోనే ఉండిపోతుంది, ఆ గింజల్ని గుగ్గిళ్ళు చేసి పెట్టండి. సరిహద్దు దాటి ఒడిశాలో ఉన్నందుకు మనకో లాభం ఉంది, ఏ వీధిలో చూసినా ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద) దొరుకుతుంది. వంద గ్రాముల ఛెనాలో దగ్గర దగ్గర 18 గ్రాములు. పోడ మిఠాయి చేసి పంచదార పొయ్యకుండా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి కూర చెయ్యండి. ఉల్లి కార్తీకంలో తినరంటారా, అల్లం వెయ్యండి. అంతా రాత్రికి ఉంచకుండా పొద్దున్న పూట కూడా కొంత పడాలి.

కవిటి కొబ్బరితోట
అక్టోబరు 15, సాయంత్రం 5.35

దయచేసి ఈ సలహా అందరికీ ఒకేలా చెప్పకండి. నేను ఉద్దానం వాడిని. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం అటు పక్క, మీ గంజాం ఇటు పక్క, బంధుత్వాలన్నీ కలిసే ఉంటాయి. మా ఊళ్ళో ఇంటికొకరికి కిడ్నీ జబ్బు. షుగర్ లేకుండా, బీపీ లేకుండా వస్తుంది. నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) 2.8. ఎవరో ఫోన్లో వీడియో చూసి ప్రొటీన్ పొడి తెచ్చిచ్చారు, రెండు నెలలు తాగాడు. డాక్టరుగారు ఎంత తిట్టారో. ముందు క్రియాటినిన్ చూపించుకోండి, తర్వాతే గుగ్గిళ్ళు.

బరంపురం ఫిజియో
అక్టోబరు 15, సాయంత్రం 6.10

ఇది నేనే ముందు రాయాల్సింది, తప్పు నాది. కిడ్నీ జబ్బు ఉండి డయాలిసిస్ దాకా రానివాళ్ళకి ప్రొటీన్ తగ్గించి ఇస్తారు. డయాలిసిస్ మొదలైతే మళ్ళీ పెంచమంటారు. ఈ లెక్క కిడ్నీ డాక్టరే చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్ళు కూడా మూత్రం, క్రియాటినిన్ చూపించుకునే మొదలుపెట్టండి. మీ నాన్నగారికి తిండి మార్చకుండా కుర్చీ వ్యాయామం మాత్రం చేయించవచ్చేమో ఆ డాక్టరుగారినే అడగండి. మామూలుగా వద్దనరు.

కవిటి కొబ్బరితోట
అక్టోబరు 15, సాయంత్రం 6.22

అడుగుతాను. ఆయన ఒకప్పుడు ఏటా శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాడు. ఇప్పుడు అరుగు ఎక్కడానికి నా భుజం కావాలి.

రాయగడ రాజు
అక్టోబరు 15, రాత్రి 9.00

కొండల మీద సవర ముసలాళ్ళని చూడండి, కట్టెల మోపుతో చకచకా దిగుతారు. వాళ్ళకి ఏ ఫిజియో చెప్పాడు?

గుణుపురం కోడలు
అక్టోబరు 15, రాత్రి 9.18

మా గుణుపురం సంతకి వస్తారు రాజుగారూ, దగ్గరగా చూశాను. దిగేవాళ్ళే మీకు కనబడతారు. దిగలేనివాళ్ళు పైనే ఉంటారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
నవంబరు 9, రాత్రి 8.30

ఆలస్యంగా రాస్తున్నాను. క్రియాటినిన్ మామూలుగానే ఉంది. బి12 బాగా తక్కువని తేలింది, ఇంజెక్షన్లు రాశారు. ఇంజెక్షన్ అనగానే అమ్మ మొహం వెలిగింది, "చూశావా, సూది కావాలనే నేనన్నాను" అని.

మొదటి వారం కుర్చీ దగ్గరికి రమ్మంటే రాలేదు. నలుగురిలో సిగ్గుట. తలుపు వేసుకుని చేయించాను. ఆడియో పెట్టాలి, భజన ఉండాలి, అప్పుడే చేస్తుంది. రెండు దిండ్లతో మొదలుపెట్టాం, ఇప్పుడు ఒకటి. రెండో వారంలో తొడలు నొప్పెట్టి మూడు రోజులు మానేసింది, మళ్ళీ మొదలుపెట్టించడానికి పిన్ని ఫోన్ చేసి తిట్టాల్సి వచ్చింది. ఛెనా కూర ముట్టలేదు, అల్లం వేసినా. సెనగ గుగ్గిళ్ళు బాగానే తింటోంది.

నిన్న చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచింది. ఒక దిండు ఉంది లెండి. 19 సెకండ్లు.

డ్రిల్లు మాస్టారు (బరంపురం)
నవంబరు 9, రాత్రి 8.44

శెభాష్! మా ఆవిడ 14 సెకండ్లు. రోజూ పోట్లాట.

గుణుపురం కోడలు
నవంబరు 9, రాత్రి 9.30

అత్తగారి మంచినీళ్ళ చెంబు వంటింట్లో పెట్టేశాను. మొదటి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆడపడుచుకి ఫోన్ చేసి ఏం చెప్పారో, ఆవిడా మాట్లాడటం లేదు. కానీ లేచి వెళ్ళి తాగుతున్నారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
నవంబరు 30, సాయంత్రం 7.05

16 సెకండ్లు, దిండు లేకుండా. పీట మీంచి ఇంకా ఒక చెయ్యి ఆనించే లేస్తోంది. వీధి చివర కల్వర్టు గట్టు ఫుట్‌బోర్డు అంత ఎత్తుంది, రోజూ సాయంత్రం అక్కడ ఎక్కి దిగుతోంది, నేను చెయ్యి పట్టుకుంటున్నాను. ఆదివారం పాతపట్నం వెళ్దామంది. ఆటోలో వెళ్దామంటే వద్దంది. ఆ కండక్టరు ఏ బస్సు మీద ఉంటాడో కనుక్కోమంటోంది.

ఇచ్ఛాపురం కొత్తవాడు
డిసెంబరు 2, ఉదయం 10.15

ఈ చర్చ ఇప్పుడే చూశాను. మా మామగారికి మోకాలి చిప్ప మార్చి ఆరు వారాలైంది. కుర్చీ ఎంత ఎత్తుండాలి?

బరంపురం ఫిజియో
డిసెంబరు 2, మధ్యాహ్నం 1.40

కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కంటే పైన ఉండాలి. మిగతాది ఆపరేషన్ చేసిన డాక్టరు ఏం చెప్పారో చూసి చెప్తాను, డిశ్చార్జి కాగితంలో ఏముందో రాసి కొత్త చర్చ తెరవండి.